లిపి నుంచి లిపికి

బరంపురం బజారులో నడుస్తున్నప్పుడు దుకాణాల పేరుపలకలను గమనించండి. ఒకే దుకాణం పేరు పైన ఒడియా అక్షరాలలో, కింద ఇంగ్లీషు అక్షరాలలో ఉంటుంది. కొన్నిచోట్ల తెలుగులో కూడా కనిపిస్తుంది. పేరు ఒక్కటే. వేసుకున్న దుస్తులు మాత్రం వేరు. ఒక పేరు ఒక లిపి విడిచి మరొక లిపిలోకి మారేటప్పుడు ఏమవుతుంది? చెక్కు చెదరకుండా వెళుతుందా, దారిలో ఏదైనా పోగొట్టుకుంటుందా? ఈ పనిని యంత్రానికి అప్పగిస్తే అది ఎట్లా చేస్తుంది? ఈ పాఠంలో ఈ సంగతులు తెలుసుకుందాం.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. భాష వేరు, లిపి వేరు. 'నీరు' అనే మాటను ఒడియాలో 'పాణి' అని చెబితే అది అనువాదం. అక్కడ భాషే మారింది. 'నీరు' అనే తెలుగు మాటను అట్లాగే ఉంచి, దానిని ఒడియా అక్షరాలతో వ్రాస్తే అది లిప్యంతరీకరణం. అంటే లిపిని మార్చడం మాత్రమే. అనువాదంలో అర్థం నిలవాలి. లిప్యంతరీకరణంలో ధ్వని నిలవాలి. ఊళ్ళ పేర్లకు, మనుషుల పేర్లకు అనువాదం పనికిరాదు. రామారావుగారి పేరును ఎవరూ అనువదించరు కదా! కనుక పేర్లకు కావలసినది లిప్యంతరీకరణమే.

మన ప్రాంతంలో ఈ పని అవసరం చాలా ఉంది. గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. బరంపురం, ఛత్రపురం ఒడిశాలో చేరాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయి, 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో భాగమయ్యాయి. సరిహద్దు గీత మారింది కాని, ఇళ్ళలో మాట్లాడే మాట మారలేదు. అందుచేత మన ఇళ్ళలో పలికే తెలుగు పేర్లు కార్యాలయాలలో ఒడియా అక్షరాలతో వ్రాయబడతాయి. బడిలో హాజరు పట్టీ, రేషను కార్డు, ఓటర్ల జాబితా, భూమి పత్రం - వీటన్నింటిలో ఒకే మనిషి పేరు ఒకే విధంగా ఉండాలి. ఒక పత్రంలో ఒక విధంగా, మరొక పత్రంలో మరొక విధంగా ఉంటే 'ఈ ఇద్దరూ ఒకరేనా?' అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పడానికి మనిషి ఎన్నో మెట్లు ఎక్కి దిగవలసి వస్తుంది. కాబట్టి అక్షరం మారడం చిన్న సంగతి కాదు.

సాధారణంగా మన పేర్లు తెలుగు నుంచి ఒడియాలోకి నేరుగా వెళ్ళవు. మధ్యలో ఇంగ్లీషు ఇంట్లో ఒక రాత్రి బస చేసి వెళతాయి. చిక్కంతా అక్కడే వస్తుంది. ఇంగ్లీషులో 26 అక్షరాలే ఉన్నాయి. 'త'కు, 'ట'కు వేరువేరు అక్షరాలు లేవు. 'న', 'ణ'లకు లేవు. 'ల', 'ళ'లకు లేవు. హ్రస్వానికి, దీర్ఘానికి తేడా చూపే ఏర్పాటు కూడా స్థిరంగా లేదు. తెలుగులో కల, కళ, కాల, కాళ అనేవి నాలుగు వేరువేరు వ్రాతలు. ఇంగ్లీషు అక్షరాలలో నాలుగింటినీ చాలామంది ఒకే విధంగా వ్రాస్తారు. రమ, రమా, రామ, రామా అన్నా అంతే. ఒకసారి కలిసిపోయిన తరువాత వాటిని మళ్ళీ విడదీయడం ఎవరి తరమూ కాదు. పాలలో కలిసిన నీటిని వేరు చేయడానికి హంస కావాలి. కార్యాలయంలో హంస ఉండదు!

దీనికి తోడు మరొక చిక్కు ఉంది. తెలుగువారు 'త' అక్షరాన్ని ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు 'టి' తరువాత 'హెచ్' చేరుస్తారు. 'ట'తో కలిసిపోకూడదని అట్లా చేస్తారు. ఒడిశాలో ఆ 'హెచ్' ఒత్తును సూచిస్తుంది. అంటే అది 'థ' అవుతుంది. ఇప్పుడు లలిత అనే అమ్మాయి పేరు ఏమవుతుందో చూడండి. తెలుగువారు ఇంగ్లీషులో 'హెచ్' చేర్చి వ్రాశారు. దానిని చూసి ఒడియా గుమాస్తా 'లలిథా' అని వ్రాశారు. తోట అనే ఇంటిపేరు 'థోటా' అయింది. ఇద్దరూ తమ తమ పద్ధతి ప్రకారం సరిగానే వ్రాశారు. తప్పు ఎవరిదీ కాదు. అయినా పేరు మాత్రం చెడింది.

ఇటువంటి మార్పుకు మన రాష్ట్రం పేరే గొప్ప ఉదాహరణ. ఆ పేరులో నాలుక మడిచి పలికే 'డ' వంటి ధ్వని ఒకటి ఉంది. ఇంగ్లీషువారు దానిని 'ర'గా వ్రాసి 'ఒరిస్సా' అన్నారు. చాలాకాలం లోకమంతా అదే పేరు వాడింది. 2011లో పార్లమెంటు చట్టం చేసి రాష్ట్రం పేరును ఒడిశా అని, రాజ్యాంగ సవరణ ద్వారా భాష పేరును ఒడియా అని సరిదిద్దింది. ఒక్క అక్షరాన్ని దాని స్థానానికి చేర్చడానికి పార్లమెంటు పూనుకోవలసి వచ్చిందన్నమాట.

మరి ఇంగ్లీషు ప్రమేయం లేకుండా తెలుగు నుంచి ఒడియాకు నేరుగా వెళ్ళే దారి లేదా? ఉంది. ఆ దారి చాలా పాతది. దాని మొదలు మన జిల్లాలోనే చూడవచ్చు. పురుషోత్తంపూర్ సమీపంలో, ఋషికుల్య నదికి చేరువలో జౌగడ అనే చోటు ఉంది. అక్కడ ఒక పెద్ద బండ మీద క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అశోక చక్రవర్తి తన ధర్మశాసనాలను చెక్కించాడు. వాటి భాష ప్రాకృతం. లిపి బ్రాహ్మీ. కాలక్రమాన ఆ లిపిని చదవగలవారు లేకుండా పోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే పండితుడు బ్రాహ్మీ అక్షరాల గుట్టు విప్పాడు. ఆ తరువాతనే అశోకుని మాటలు మళ్ళీ వినిపించాయి.

తెలుగు లిపి, ఒడియా లిపి, దేవనాగరి, బెంగాలీ, కన్నడం - ఇవన్నీ ఆ బ్రాహ్మీ సంతానమే. శతాబ్దాలు గడిచేకొద్దీ ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క రూపం వచ్చింది. తాటాకు మీద గంటంతో వ్రాయడం వల్ల తెలుగు, ఒడియా అక్షరాలకు గుండ్రదనం వచ్చిందని పండితులు చెబుతారు. రూపాలు మారినా కుటుంబ క్రమం మారలేదు. అ ఆ ఇ ఈ అనే అచ్చులు ముందు వస్తాయి. క ఖ గ ఘ ఙ అనే వర్గం తరువాత వస్తుంది. చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం అదే వరుసలో నడుస్తాయి. మీరు తెలుగు తరగతిలో వల్లించే వరుస, ఒడియా తరగతిలో వల్లించే వరుస దాదాపు ఒక్కటే. ఈ వరుసే లిపి మార్చే యంత్రానికి ఆధారం.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి అంకెలే. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్యను అది దాచుకుంటుంది. తెర మీద చూపేటప్పుడు ఆ సంఖ్యకు తగిన బొమ్మను గీస్తుంది. భారతీయ లిపులకు ఇటువంటి సంఖ్యలు ఇచ్చే పని 1980 తరువాతి దశకంలో మన దేశంలో జరిగింది. బ్రాహ్మీ కుటుంబ లిపులన్నింటికీ ఒకే వరుస ఉంది కనుక, అన్నింటిలోనూ 'క'కు ఒకే స్థానం, 'ఖ'కు ఒకే స్థానం ఇచ్చారు. దీనికి ఇస్కీ అని పేరు. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని దేశ ప్రమాణంగా ప్రకటించింది. ప్రపంచంలోని లిపులన్నింటికీ కలిపి సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ అనే పద్ధతి కూడా 1991లోనే వెలువడింది. భారతీయ లిపుల విషయంలో అది ఇస్కీ వరుసనే స్వీకరించింది.

యూనికోడ్‌లో ఒక్కొక్క భారతీయ లిపికి 128 గదులున్న ఒక వీధి ఉన్నదనుకోండి. ఒడియా వీధి 2816వ సంఖ్య దగ్గర మొదలవుతుంది. దాని పక్కన తమిళ వీధి. ఆ తరువాత 3072 దగ్గర తెలుగు వీధి. తెలుగు 'క' 3093వ గదిలో ఉంది. ఒడియా 'క' 2837వ గదిలో ఉంది. తేడా ఎంత? 256. తెలుగు 'మ' 3118లో ఉంది. ఒడియా 'మ' 2862లో ఉంది. తేడా మళ్ళీ 256. తెలుగు 'ల' 3122, ఒడియా 'ల' 2866. అక్కడ కూడా 256. అంటే తెలుగు అక్షరం సంఖ్య నుంచి 256 తీసివేస్తే ఒడియా అక్షరం వస్తుంది. ఒడియా అక్షరం సంఖ్యకు 256 కలిపితే తెలుగు అక్షరం వస్తుంది. గుణింతాలకు కూడా ఇదే లెక్క. ఇంత కష్టమైనదిగా కనిపించే పని ఒక్క తీసివేతతో అయిపోతున్నది! 'కమల' అనే పేరును ఈ విధంగా మార్చి చూడండి. మూడు తీసివేతలు చాలు.

అయితే అన్ని మాటలూ 'కమల' అంత మెత్తగా లొంగవు. మన జిల్లా పేరు 'గంజాం' తీసుకుందాం. ఇందులో గ, సున్న, జ, దీర్ఘం, సున్న అనే అయిదు గుర్తులు ఉన్నాయి. అయిదింటి నుంచీ 256 తీసివేస్తే ఒడియాలో గ, సున్న, జ, దీర్ఘం, సున్న వస్తాయి. లెక్క తప్పలేదు. కాని ఒడియా చదివేవారు దానిని దాదాపు 'గొంగ్‌జాంగ్' అని చదువుతారు. ఎందుకంటే ఒడియాలో సున్నను 'ఙ' ధ్వనితో పలుకుతారు. తెలుగులో సున్న అట్లా కాదు. తరువాత వచ్చే అక్షరాన్ని బట్టి దాని పలుకు మారుతుంది. క వర్గానికి ముందు అది 'ఙ', చ వర్గానికి ముందు 'ఞ', ట వర్గానికి ముందు 'ణ', త వర్గానికి ముందు 'న', ప వర్గానికి ముందు 'మ'. మాట చివర కూడా 'మ'. ఒడియావారు మన జిల్లా పేరును 'గఞ్జామ' అనే అక్షరాలతో వ్రాస్తారు. అంటే మొదటి సున్న 'ఞ' అయింది, చివరి సున్న 'మ' అయింది. యంత్రానికి ఈ సూత్రం కూడా నేర్పాలి. మీరు వ్యాకరణంలో నేర్చుకున్న వర్గాల వరుస ఇక్కడ అక్కరకు వచ్చింది చూశారా!

తరువాతి చిక్కు 'య'. ఒడియాలో దీనికి రెండు అక్షరాలు ఉన్నాయి. ఒకటి 'అంతస్థ జ'. చూడటానికి యకారం స్థానంలో ఉంటుంది, పలకడం మాత్రం 'జ' అని. రెండవది 'అంతస్థ య'. దానిని 'య' అనే పలుకుతారు. తెలుగు 'య' 3119వ గదిలో ఉంది. 256 తీసివేస్తే 2863. ఆ గదిలో ఉన్నది అంతస్థ జ. అంతస్థ య ఎక్కడో దూరంగా 2911వ గదిలో ఉంది. 'యమున' అనే మాటకు అంతస్థ జ సరిపోతుంది. ఒడియావారు ఆ మాటను ఆ అక్షరంతోనే వ్రాసి 'జొమునా' అని పలుకుతారు. 'విజయ' అనే మాటకు అంతస్థ య కావాలి. కనుక మాట మొదట వస్తే ఒకటి, మధ్యలో వస్తే మరొకటి అని యంత్రానికి చెప్పవచ్చు. ఆ సూత్రానికి కూడా లొంగని మాటలు ఉన్నాయి. 'సంయోగ' అనే మాటలో య మధ్యలోనే ఉన్నా ఒడియాలో అంతస్థ జ వ్రాస్తారు. అటువంటి మాటలను విడిగా పట్టిక వేసి ఇవ్వాలి.

'వ' విషయం కూడా ఇంతే. ఒడియాలో సంస్కృత పదాలలోని వకారాన్ని 'బ'గా వ్రాస్తారు, పలుకుతారు. అందువల్ల 'విజయ' అక్కడ 'బిజయ' అవుతుంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలలో అదే ధ్వనికి 'భ' వాడతారు. మనం టీవీ అనే దానిని వారు 'టిభి' అని వ్రాస్తారు. ఏ మాట ఏ భాష నుంచి వచ్చిందో తెలియకపోతే ఏ అక్షరం వేయాలో యంత్రానికి తెలియదు.

ఇక 'ఎ', 'ఒ' అనే హ్రస్వాలు. ఇవి తెలుగులో ఉన్నాయి, ఒడియాలో లేవు. తెలుగు 'ఎ' 3086వ గదిలో ఉంది. 256 తీసివేస్తే వచ్చే 2830వ గది ఖాళీ. అక్కడ తలుపు తడితే పలికేవారు లేరు. అందుచేత యంత్రం పక్క గదిలోని 'ఏ'ను తీసుకోవాలి. పోయేటప్పుడు ఇబ్బంది లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఉంది. 'నెల', 'నేల' అనే రెండు మాటలు ఒడియా అక్షరాలలో ఒకే విధంగా ఉంటాయి. 'కొన', 'కోన' కూడా అంతే. వాటిని మళ్ళీ తెలుగులోకి మార్చమంటే యంత్రం అన్నింటినీ 'నేల', 'కోన' అనే ఇస్తుంది. ఒక లిపిమార్పు సాధనం మంచిదో కాదో తెలుసుకోవడానికి ఇదే పరీక్ష. మాటను పంపి, తిరిగి రప్పించి చూడాలి. వెళ్ళినది వెళ్ళినట్లు తిరిగి వస్తే మార్గం బాగున్నట్లు. రాకపోతే దారిలో ఏదో జారిపోయినట్లు.

ఇప్పుడు మళ్ళీ లలిత పేరు దగ్గరకు వద్దాం. ఇంగ్లీషు మీదుగా వెళితే అది 'లలిథా' అయింది. నేరుగా 256 తీసివేసి పంపితే ఒడియాలో 'లలిత' అని తకారంతోనే వస్తుంది. బాగుంది కదా! కాని ఒడియాలో 'అ'కారాన్ని 'ఒ'కు దగ్గరగా పలుకుతారు. కనుక దానిని 'లొలితొ' అని చదువుతారు. పైగా అది అక్కడ మగవారి పేరు. ఆడపిల్ల పేరైతే చివర దీర్ఘం ఉండి 'లలితా' అని ఉండాలి. తెలుగులో సీత, లలిత, కమల అని హ్రస్వంతో ముగిసే ఆడపిల్లల పేర్లు ఒడియాలో దీర్ఘంతో ముగుస్తాయి. ఇది అక్షరాల లెక్క కాదు, ఆచారం. ఈ పేరు అబ్బాయిదా, అమ్మాయిదా అని తెలిసినవారే ఈ దీర్ఘం చేర్చగలరు. 'కమల' మూడు తీసివేతలతో అయిపోయిందని ముందు అనుకున్నాం. అది అమ్మాయి పేరైతే ఒక దీర్ఘం కూడా చేర్చాలని ఇప్పుడు తెలిసింది.

మన ఊరి పేరు సంగతి ఇంకొకటి. మనం బరంపురం అంటాం. ఒడియాలో బ్రహ్మపుర అంటారు. ఇంగ్లీషు వ్రాతలో ఈ రెండింటికీ సరిపోని మూడవ రూపం ఉంది. యంత్రం ఎంత తెలివైనదైనా 'బరంపురం' అనే అక్షరాలను మార్చి 'బ్రహ్మపుర' చేయలేదు. అవి ఒకే ఊరికి రెండు పేర్లు అని ఎవరో దానికి ముందుగా చెప్పి ఉంచాలి.

తోబుట్టువుల వంటి రెండు లిపుల మధ్యనే ఇన్ని చిక్కులున్నాయి. ఏ చుట్టరికమూ లేని లిపుల మధ్య ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే చైనా వైపు చూడాలి. చైనా లిపిలో అక్షరమాల లేదు. ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క అర్థాన్ని, ఒక్కొక్క పలుకును తెలుపుతుంది. 2013లో ఆ దేశ ప్రభుత్వం ప్రకటించిన సాధారణ వాడుక గుర్తుల జాబితాలోనే 8,105 గుర్తులు ఉన్నాయి. గుర్తును చూసి దాని పలుకును ఊహించడం కొత్తవారికి సాధ్యం కాదు. పిల్లలకు, విదేశీయులకు పలుకు నేర్పడానికి చైనా ప్రభుత్వం 1958లో పిన్‌యిన్ అనే పద్ధతిని ఆమోదించింది. ఇంగ్లీషు వాడే రోమన్ అక్షరాలతోనే చైనా పలుకులను వ్రాసే పద్ధతి ఇది. దీనిని రూపొందించిన సంఘంలో ముఖ్యుడు ఝోవ్ యౌగువాంగ్. ఆయన 111 సంవత్సరాలు జీవించి 2017లో మరణించాడు. నేడు చైనా పిల్లలు బడిలో చేరిన కొత్తలోనే పిన్‌యిన్ నేర్చుకుని, దాని సాయంతో గుర్తులు నేర్చుకుంటారు.

చైనా గుర్తులను పిన్‌యిన్‌లోకి మార్చే కంప్యూటరు సాధనాలు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. అక్కడ 256 తీసివేసే సులువు లేదు. ప్రతి గుర్తుకూ దాని పలుకును పట్టికలో వ్రాసి పెట్టుకోవాలి. అయినా పని పూర్తి కాదు. ఎందుకంటే కొన్ని గుర్తులకు రెండు మూడు పలుకులు ఉంటాయి. ఒక గుర్తు 'ఛాంగ్' అని పలికితే 'పొడవు' అని అర్థం. అదే గుర్తు 'జాంగ్' అని పలికితే 'పెద్ద, అధిపతి' అని అర్థం. చైనాలోని మహానది పేరు 'ఛాంగ్‌జియాంగ్', అంటే పొడవైన నది. బడి ప్రధానోపాధ్యాయుణ్ణి 'శియావ్‌జాంగ్' అంటారు, అంటే బడికి పెద్ద. వ్రాతలో రెండు చోట్లా అదే గుర్తు! యంత్రం పక్క గుర్తును చూడకుండా పలికితే నది అధిపతి అవుతుంది, లేక ప్రధానోపాధ్యాయుడు పొడవు అవుతాడు.

దీనికి విరుగుడుగా ఆ సాధనాలు గుర్తుల పట్టికతో పాటు మాటల నిఘంటువును కూడా దగ్గర పెట్టుకుంటాయి. వాక్యంలో ముందు పొడవైన మాటలను వెదకి పట్టుకుంటాయి. ఆ మాటలో ఆ గుర్తుకు ఏ పలుకు ఉందో చూసి వ్రాస్తాయి. ఇక్కడ కూడా ఒక ఇబ్బంది ఉంది. చైనా వ్రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. తెలుగులో 'తోటలోపలికి' అని కలిపి వ్రాస్తే 'తోట లోపలికి' అనవచ్చు, 'తోటలో పలికి' అని కూడా అనవచ్చు. సందర్భం తెలిస్తేనే సరైన విరుపు తెలుస్తుంది. చైనా వాక్యమంతా ఇటువంటి విరుపులతో నిండి ఉంటుంది. ఇంటిపేర్ల సంగతి మరీ చిత్రం. కొన్ని గుర్తులకు మామూలు మాటలలో ఒక పలుకు, ఇంటిపేరైనప్పుడు మరొక పలుకు ఉంటుంది. పైపిన్‌యిన్ వంటి సాధనాలలో వాడేవారు తమకు కావలసిన మాటల పలుకులను తామే చేర్చుకునే వీలు కూడా కల్పించారు. యంత్రానికి అన్నీ తెలియవని దానిని తయారుచేసినవారికే తెలుసు.

చూశారా! గంజాంలోనైనా, చైనాలోనైనా పని మూడు మెట్ల మీద నడుస్తున్నది. మొదటి మెట్టు అక్షరానికి అక్షరం. రెండవ మెట్టు సూత్రాలు, మినహాయింపులు, మాటల పట్టిక. మూడవ మెట్టు ఆ భాష తెలిసిన మనిషి. మొదటి మెట్టు మనకు సులభం, చైనావారికి కష్టం. మూడవ మెట్టు మాత్రం ఇద్దరికీ తప్పదు.

మన ప్రాంతంలోనే ఈ విషయంలో ఒక గొప్ప పాఠం ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించారు. అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. కొండలలో నివసించే సవరల భాషను శ్రద్ధగా నేర్చుకున్నారు. ఆ భాషకు అప్పట్లో లిపి లేదు. పంతులుగారు తెలుగు అక్షరాలతో సవర పుస్తకాలు తయారుచేసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన వ్రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1936లో మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే సొంత లిపిని కల్పించాడు. ఈనాడు సవర భాషను ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో, కొందరు రోమన్ అక్షరాలలో, కొందరు సొంత లిపిలో వ్రాస్తున్నారు. ఒకే భాష మాట్లాడే బంధువులు ఒకరి వ్రాత ఒకరు చదవలేని స్థితి వచ్చింది. సొరాంగ్ సొంపెంగ్‌కు 2012లో యూనికోడ్‌లో స్థానం లభించింది. అది బ్రాహ్మీ వరుసను అనుసరించిన లిపి కాదు. కనుక తీసివేత లెక్క దానికి కుదరదు, చైనా గుర్తులకు వలె పట్టిక వేసుకోవాలి. అటువంటి పట్టిక ఒకటి మంచిది ఉంటే కొండకు ఇటువైపు వ్రాసిన కథను అటువైపు పిల్లలు చదువుకోగలరు.

తెలుగుకు సంబంధించి ఈ మార్గంలో చాలా కృషి జరిగింది. 1990 తరువాత అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువారు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాసే ఒక పద్ధతిని ఏర్పరచారు. దానికి ఆర్.టి.ఎస్. అని పేరు. అందులో చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ వేరు విలువ ఇచ్చి 'త'ను, 'ట'ను విడదీశారు. ఇంగ్లీషులో లేని భేదాలను ఆ విధంగా సాధించారు. తరువాత వచ్చిన 'లేఖిని' అనే సాధనం ఈ పద్ధతినే యూనికోడ్ తెలుగుకు అందుబాటులోకి తెచ్చింది. పాత అచ్చుకూటాల కంప్యూటర్లలోని అక్షరాలకు యూనికోడ్ సంఖ్యలు ఉండవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి 'పద్మ' వంటి సాధనాలు వచ్చాయి. వినోద్ రాజన్ రూపొందించిన 'అక్షరముఖ' అనే సాధనం బ్రాహ్మీ మొదలుకొని వందకు పైగా లిపుల మధ్య మార్పు చేస్తుంది. తెలుగు నుంచి ఒడియాకు, ఒడియా నుంచి తెలుగుకు కూడా దానితో మార్చుకోవచ్చు.

ఈ సాధనాల వల్ల మనకు కలిగే మేలు తక్కువది కాదు. మన ప్రాంతంలో ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా మాత్రమే చదువుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. తాతగారు వ్రాసిన ఉత్తరం వారి చేతిలో ఉన్నా వారికి మూగదే. దానిని ఒడియా లిపిలోకి మార్చి ఇస్తే వారు చదవగలరు. చదివితే అర్థం చేసుకోగలరు. ఎందుకంటే భాష వారిదే, లిపి మాత్రమే తెలియదు. మూసిన తలుపుకు ఇది తాళపుచెవి వంటిది.

అయితే తాళపుచెవి ఇల్లు కాదు. ఎప్పుడూ మార్చిన వ్రాతనే చదివేవారికి 'నెల'కు, 'నేల'కు తేడా కనిపించదు. సున్న ఏ ధ్వనిని దాచుకుందో తెలియదు. పైగా యంత్రం చేసిన తప్పును పట్టుకోవాలంటే రెండు లిపులూ తెలిసి ఉండాలి. ఒక్క లిపి మాత్రమే తెలిసినవారు యంత్రం ఏది చూపితే అదే సరైనదనుకుంటారు. తెలుగు, ఒడియా రెండూ నేర్చుకుంటున్న మీకు ఆ శక్తి ఉంది. ఇతరులకు భారంగా కనిపించే రెండు అక్షరమాలలు మీకు రెండు కళ్ళవంటివి.

కనుక మీ పేరు ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో ఏ విధంగా ఉండాలో ఇంట్లో పెద్దలతో కలిసి నిర్ణయించుకోండి. అన్ని పత్రాలలో అదే విధంగా ఉందో లేదో చూసుకోండి. దరఖాస్తు మీద ఇంగ్లీషుతో పాటు ఒడియా అక్షరాలలో కూడా మీ పేరును మీరే వ్రాసి ఇవ్వండి. అప్పుడు మీ పేరును మరొకరు ఊహించవలసిన అవసరం రాదు. ఇంటి పక్కన చదువు రాని పెద్దలుంటే వారి పేర్లను కూడా సరిచూసి పెట్టండి. ఒక్క దీర్ఘం, ఒక్క ఒత్తు, ఒక్క సున్న సరైన చోట ఉంటే ఒక మనిషికి ఎంతో శ్రమ తప్పుతుంది.

అభ్యాసం

1. అనువాదానికి, లిప్యంతరీకరణానికి గల భేదాన్ని మీ సొంత ఉదాహరణలతో తెలపండి.

2. తెలుగు 'గ' యూనికోడ్ సంఖ్య 3095. ఒడియా 'గ' సంఖ్య ఎంత? ఎట్లా తెలుసుకున్నారు?

3. 'గంజాం' అనే మాటలోని రెండు సున్నలు ఏయే ధ్వనులను తెలుపుతున్నాయి? ఇట్లాగే పంకజం, కంచం, పండు, అందం, కంబళి అనే మాటలలోని సున్నలను పరిశీలించి వ్రాయండి.

4. 'నెల - నేల', 'కొన - కోన' వంటి జంటలను మరో అయిదు సేకరించండి. వాటిని ఒడియా లిపిలో వ్రాసి, తెలుగు తెలియని మిత్రునిచేత చదివించండి. ఏమి గమనించారు?

5. మీ తరగతిలోని పదిమంది పేర్లను తెలుగులోను, ఒడియాలోను వ్రాయండి. అక్షరానికి అక్షరం మారిన పేర్లు ఏవి? ఆచారాన్ని బట్టి మారిన పేర్లు ఏవి? పట్టిక తయారుచేయండి.